తెలుగు వ్యక్తిగత బ్లాగు - శోధన యంత్రాల ద్వారా పాఠకుల రాక: పినపాక ప్రాంత రచనల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యక్తిగత బ్లాగులో వెలువడిన తెలుగు రచన శోధన యంత్రం ద్వారా పాఠకునికి ఎలా చేరుతుందో, ఎక్కడ చేరకుండా ఆగిపోతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పినపాక ప్రాంతానికి సంబంధించిన స్థలనామాలను, చట్టాల పేర్లను, కోయ సమాజానికి చెందిన పదాలను ఉదాహరణలుగా స్వీకరించడమైనది. లిపి సంకేతాలు, వర్ణక్రమ భేదాలు, విభక్తి రూపాలు, పరిపాలనా విభాగాల మార్పులు, వాడుక పేరుకూ అధికారిక నామానికీ మధ్య దూరం అనే అంశాలు తెలుగు రచన లభ్యతను ఏ విధంగా ప్రభావితం చేస్తాయో ఇందులో చర్చించబడింది. పాఠకుల రాకను పెంచుకోవడం సాంకేతిక చిట్కాలతో తీరే పని కాదనీ, రాసేవాని పదాన్ని అడిగేవాని పదంతో కలపడమనే భాషాశాస్త్ర సంబంధమైన పని అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు బ్లాగు, శోధన యంత్రం, యూనికోడ్, స్థలనామాలు, పినపాక, కోయ, అటవీ హక్కులు, క్షేత్రపరిశోధన.

1. ఉపోద్ఘాతం

పినపాక మండలంలో గాని, పక్కనున్న మణుగూరులో గాని పనిచేసే ఒక తెలుగు అధ్యాపకుడిని ఊహించుకుందాం. ఆయన సెలవు దినాల్లో కోయ గూడేలకు వెళ్ళి పండుగల తీరును, పాటలను, పోడు వ్యవసాయపు అనుభవాలను నమోదు చేస్తాడు. పత్రికలకు పంపగా మిగిలిన సమాచారాన్ని తన బ్లాగులో పెడతాడు. ఏడాది గడిచేసరికి యాభై వ్యాసాలు పోగవుతాయి. వాటిని చదివినవారు మాత్రం ఆయన మిత్రులు, పూర్వ విద్యార్థులు, మరికొందరు పరిచయస్తులు. అదే సమయంలో ఆ అంశంపైనే సమాచారం కోసం హైదరాబాదులో ఒక పరిశోధక విద్యార్థి, కరకగూడెంలో ఒక పోడు రైతు కుమారుడు ఫోనులో వెతుకుతూ ఉండవచ్చు. వారికి కనిపించేవి వేరే పుటలు. ఇరువురి మధ్య ఉన్నది దూరం కాదు, పదం. ఆయన రాసిన పదమూ, వారు అడిగిన పదమూ ఒకటి కాలేదు.

ఈ ఉదాహరణ ఊహాత్మకమే అయినా, ఇందులోని సమస్య తెలుగులో బ్లాగు రాసే అధ్యాపకులకూ పరిశోధకులకూ కొత్తది కాదు. పాఠకుల రాకను పెంచుకోవడం గురించి అందుబాటులో ఉన్న సలహాలు అధికభాగం ఇంగ్లీషు భాషను, వ్యాపార ప్రయోజనాన్ని దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. తెలుగు లిపికీ, తెలుగు వ్యాకరణానికీ, తెలుగు నేలమీది ఊరి పేర్లకూ ప్రత్యేకమైన ఇబ్బందులను అవి పట్టించుకోవు. ఆ లోటును కొంతవరకైనా పూరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంకలిని నుంచి శోధన పెట్టె వరకు

తెలుగు బ్లాగుల తొలి దశలో పాఠకుడు శోధన ద్వారా వచ్చేవాడు కాదు. 2006 ప్రాంతంలో 'లేఖిని' వంటి లిప్యంతరీకరణ సాధనాలు తెలుగులో టైపు చేయడాన్ని సులభతరం చేశాయి. దాదాపు అదే కాలంలో 'కూడలి' అనే సంకలిని వివిధ బ్లాగుల్లోని కొత్త రచనలను ఒకేచోట చూపడం ప్రారంభించింది. తరువాత 'జల్లెడ', 'హారం', 'మాలిక' వంటివి కూడా ఇదే పనిని చేపట్టాయి. పాఠకుడు ఉదయాన్నే సంకలినిని తెరిచి, అందులోని శీర్షికలు చూసి, నచ్చినదానిపై నొక్కేవాడు. రచయిత పేరే అక్కడ గుర్తింపు. శీర్షిక ఎంత చమత్కారంగా ఉంటే అంత ఆకర్షణ.

కాలక్రమంలో సంకలినుల పాత్ర క్షీణించింది. సామాజిక మాధ్యమాలు వాటి స్థానంలోకి కొంతవరకు వచ్చినా, అక్కడ రచన ఆయుష్షు స్వల్పం. పాత రచనను నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా కొత్త పాఠకునికి చూపగలిగేది శోధన యంత్రం. అయితే సంకలినికి వచ్చే పాఠకునికీ, శోధన ద్వారా వచ్చే పాఠకునికీ ఒక మౌలికమైన భేదం ఉంది. మొదటివాడు 'ఈరోజు ఏమి రాశారు?' అని వస్తాడు. రెండవవాడు 'నాకు కావలసినది ఎక్కడ ఉంది?' అని వస్తాడు. మొదటివానికి రచయిత తెలుసు, రెండవవానికి తెలియదు. సంకలిని కాలపు శీర్షికలను, అలవాట్లను ఇప్పటికీ కొనసాగించే బ్లాగు ఈ రెండవ పాఠకునికి కనబడకుండా పోతుంది.

3. శోధన యంత్రం పనితీరు

శోధన యంత్రం పని మూడు దశల్లో సాగుతుంది. మొదటిది సేకరణ. యంత్రం ఒక పుటలోని లంకెలను పట్టుకొని మరో పుటకు వెళుతూ వాటి ప్రతులను సేకరిస్తుంది. రెండవది సూచీకరణ. సేకరించిన పుటల్లో ఏ పదం ఏయే పుటల్లో ఉందో నమోదు చేస్తుంది. మూడవది క్రమనిర్ణయం. అడిగిన పదాలకు సరిపోయే పుటలను ప్రాధాన్యాన్ని బట్టి వరుసలో పెడుతుంది.

సాహిత్య విద్యార్థులకు సూచీకరణ కొత్త విషయం కాదు. ప్రాచీన కావ్యాలకు మన పండితులు తయారుచేసిన పదప్రయోగ సూచికలు ఇటువంటివే. పదం ఎడమవైపు, అది కనిపించే చోట్లు కుడివైపు. శోధన యంత్రం కోట్లాది పుటలకు ఇదే పని చేస్తుంది. సూచికలో పదం ఏ రూపంలో ఎక్కిందో ఆ రూపంలోనే తేలికగా దొరుకుతుంది.

క్రమనిర్ణయానికి అనేక ఆధారాలున్నాయి. వాటిలో రెండు ఇక్కడ గమనార్హం. మొదటిది పదం అరుదుదనం. 1972లో కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, తక్కువ పత్రాల్లో కనిపించే పదానికి పత్రాలను వేరుచేసి చూపే శక్తి ఎక్కువ. 'అడవి' అనే పదం లక్షల పుటల్లో ఉంటుంది. 'కరకగూడెం' అనే పదం అందులో స్వల్పభాగంలోనే ఉంటుంది. కాబట్టి అరుదైన స్థలనామం ఉన్న రచనకు ఆ పేరుతో అడిగేవానికి కనిపించే అవకాశం అధికం. రెండవది లంకెల విలువ. 1998లో సెర్గే బ్రిన్, లారీ పేజ్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చే లంకెలను ప్రమాణంగా స్వీకరించింది. పరిశోధన వ్యాసానికి వచ్చిన ఉల్లేఖనాలను లెక్కించడంతో దీనికి పోలిక ఉంది. ఈనాటి క్రమనిర్ణయం ఈ రెండింటికే పరిమితం కాకపోయినా, వ్యక్తిగత బ్లాగుకు ఇవి ఇప్పటికీ పునాదులే.

కొన్ని అపోహలను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. పుట వెనుక కీలకపదాల జాబితాను దాచి ఉంచితే ఫలితం ఉంటుందనే నమ్మకం ఇంకా వినిపిస్తుంది. ఆ జాబితాను క్రమనిర్ణయంలో పరిగణించడం లేదని గూగుల్ సంస్థ 2009లోనే ప్రకటించింది. వికీపీడియాలో తన బ్లాగుకు లంకెలు చేర్చుకుంటే స్థానం మెరుగవుతుందనేది మరో అపోహ. వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లంకెలను క్రమనిర్ణయంలో లెక్కించవద్దని యంత్రానికి సూచించే గుర్తుతోనే ఉంచుతున్నారు. సొంత లంకెలు చేర్చుకోవడం అక్కడి నియమాలకూ విరుద్ధం.

4. తెలుగు లిపి కలిగించే ప్రత్యేక సమస్యలు

4.1 కంటికి ఒకటి, యంత్రానికి వేరొకటి

యూనికోడ్‌లో తెలుగుకు 128 సంకేత స్థానాల విభాగం ఉంది. మన కంటికి ఒకేలా కనిపించే రెండు పదాలు యంత్రానికి భిన్న సంకేతాల వరుసలుగా ఉండవచ్చు. అనుస్వారం స్థానంలో తెలుగు సున్న అంకెను టైపు చేయడం ఇందుకు చక్కని ఉదాహరణ. 'ఖమ్మం', 'ఖమ్మ౦' అనే రెండింటిలో చివరి గుర్తు వేరు. మొదటిది అక్షరం, రెండవది అంకె. పాఠకుడు గమనించడు గాని, సూచికలో అవి రెండు వేర్వేరు పదాలుగా ఎక్కగలవు.

రెండవ సమస్య అక్షరాల కలయికను ఆపే అదృశ్య సంకేతానికి సంబంధించినది. 'బూర్గంపహాడ్‌లో' అన్నప్పుడు 'డ్', 'లో' విడివిడిగా కనిపించడానికి మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఉంచుతాం. అది లేకపోతే 'బూర్గంపహాడ్లో' అని లకారం వత్తుగా మారుతుంది. ఐత్వం విషయంలో కూడా ఒకే సంకేతంగాను, రెండు సంకేతాల కలయికగాను రాసే వీలు యూనికోడ్‌లో ఉంది. పెద్ద శోధన యంత్రాలు ఇటువంటి భేదాలను చాలావరకు సరిచేసుకుంటాయి. ప్రచారం తక్కువగా ఉన్న ఊరి పేర్ల విషయంలో మాత్రం ఆ సామర్థ్యంపై పూర్తిగా ఆధారపడలేము. బ్లాగు రచయిత తన వ్యాసంలోని ముఖ్య నామాలను స్వయంగా శోధన పెట్టెలో వేసి చూసుకోవడం మంచి అలవాటు.

4.2 పాత ఫాంట్లలోని రచనలు

పరిశోధకులను అన్నిటికంటే ఎక్కువగా నష్టపరిచే సమస్య ఇది. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లలో కూర్చిన వ్యాసం కాగితంపై తెలుగే. దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించినా తెరపై తెలుగుగానే కనిపిస్తుంది. కాని దాని లోపల ఉన్నవి రోమన్ అక్షరాలు, విరామ చిహ్నాలు కలిసిన అర్థరహితమైన వరుసలు. పుటలను స్కాన్ చేసి చిత్రంగా ఉంచిన సిద్ధాంత గ్రంథం పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. కంప్యూటర్ చిత్రంలోని అక్షరాలను గుర్తించగలిగే సాంకేతికత ఉన్నా, అది సంయుక్తాక్షరాల వద్ద, పాత ముద్రణ వద్ద తడబడుతుంది.

ఇందుకు పరిష్కారం క్లిష్టమైనది కాదు. వ్యాసాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో దొర్లిన తప్పులను సరిదిద్ది, బ్లాగు పుటలోనే వచనంగా ఉంచాలి. పీడీఎఫ్‌ను అదనంగా జతచేయవచ్చు. మొత్తం గ్రంథాన్ని మార్చడం సాధ్యం కాకపోతే కనీసం అధ్యాయాల పేర్లు, రెండు పేరాల సారాంశం, అందులో వచ్చే ఊర్ల, వ్యక్తుల, పండుగల పేర్ల పట్టిక యూనికోడ్‌లో ఇవ్వాలి. ఆ పట్టికే గ్రంథానికి ద్వారం అవుతుంది.

4.3 విభక్తులు, వర్ణక్రమ భేదాలు

తెలుగులో నామవాచకం వాక్యంలో ఒంటరిగా నిలవదు. 'పినపాకలో', 'పినపాకకు', 'పినపాకనుంచి' అన్నప్పుడు మూలరూపం చెక్కుచెదరకుండా ఉంటుంది. 'భద్రాచలం' విషయంలో అలా కాదు. 'భద్రాచలానికి' అన్నప్పుడు పదాంతమే మారుతుంది. 'కరకగూడెం', 'కరకగూడేనికి' కూడా అటువంటివే. వ్యాసమంతటా విభక్తి రూపాలే ఉండి మూలరూపం ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం ఉంది. కనుక ముఖ్యనామాన్ని శీర్షికలోను, తొలి పేరాలోను ప్రథమా విభక్తి రూపంలో ఒకసారైనా ఉంచడం అవసరం.

వర్ణక్రమ భేదాలు మరింత విస్తృతమైనవి. పినపాక మండలంలోని ఒక ప్రధాన గ్రామాన్ని 'ఏడూళ్ళ బయ్యారం', 'ఏడూళ్ల బయ్యారం', 'ఏడుళ్ళ బయ్యారం', 'ఈ.బయ్యారం' అని పలు విధాలుగా రాస్తారు. 'బూర్గంపాడు', 'బూర్గంపహాడ్' రెండూ వాడుకలో ఉన్నాయి. 'పండుగ', 'పండగ', 'ఇప్పపువ్వు', 'విప్పపువ్వు', 'ఆదివాసి', 'ఆదివాసీ' అనే జంటలు కూడా ఇలాంటివే. వీటన్నింటినీ ఒకే పేరాలో గుదిగుచ్చడం పాఠకునికి చికాకు కలిగిస్తుంది. యంత్రం కూడా దాన్ని మోసపూరిత ప్రయత్నంగా భావించవచ్చు. పరిశోధకునికి తెలిసిన పద్ధతే ఇక్కడ పనికివస్తుంది. వ్యాసారంభంలో 'ఈ గ్రామనామానికి వాడుకలో ఉన్న రూపాంతరాలు' అని ఒక వాక్యం రాస్తే చాలు. అది పాఠాంతరాలను సూచించే విమర్శనాత్మక పరిష్కరణ పద్ధతే. శాస్త్రీయతకు భంగం లేదు, లభ్యతకు లాభం ఉంది.

5. పినపాక: ఒక పేరు, పలు అర్థాలు

స్థలనామం అరుదైనదైతే మేలని పైన చెప్పుకున్నాం. అయితే అరుదైన పేరు కూడా అనేకార్థకం కావచ్చు. 'పినపాక' అని శోధించేవానికి ఏమి కావాలి? అది మండలం కావచ్చు. 2008 నాటి పునర్విభజనలో ఏర్పడి, షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయిన శాసనసభ నియోజకవర్గం కావచ్చు. అదే జిల్లాలో బూర్గంపాడు మండలంలో పినపాక పట్టీనగర్ అనే రెవెన్యూ గ్రామం ఉంది. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినప్పుడు, తెలంగాణలో నిలిచిన గ్రామాల జాబితాలో ఆ గ్రామం 'పినపాక' అనే పేరుతోనే కనిపిస్తుంది. కేవలం 'పినపాక' అని శీర్షిక పెట్టిన వ్యాసం ఇన్నింటి మధ్య నిలబడాలి. 'బయ్యారం' పరిస్థితి ఇంకా క్లిష్టం. ఆ పేరు వినగానే చాలామందికి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుప ఖనిజపు బయ్యారం స్ఫురిస్తుంది. ఏడూళ్ళ బయ్యారం గురించి రాసేవారు ఆ విశేషణాన్ని వదిలితే రచన వేరొక ఊరి కుప్పలో కలిసిపోతుంది.

పరిపాలనా విభాగాల మార్పులు కాలానుగుణమైన చిక్కును కలిగిస్తాయి. 1953లో వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో చేరింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి పినపాక అందులోకి వచ్చింది. ఆ పునర్వ్యవస్థీకరణలోనే కరకగూడెం పినపాక మండలం నుంచి విడిపోయి ప్రత్యేక మండలం అయింది. 2012లో రాసిన బ్లాగు వ్యాసంలో 'ఖమ్మం జిల్లా, పినపాక మండలం, కరకగూడెం' అని ఉంటుంది. నేటి విద్యార్థి వెతికేది 'భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కరకగూడెం మండలం' అని. పాత రచనలోని పాఠాన్ని మార్చనవసరం లేదు. రచనాకాలాన్ని స్పష్టంగా చూపి, పైన ఒక సంపాదకీయ సూచనగా ప్రస్తుత జిల్లా, మండలాల పేర్లు చేర్చాలి. చరిత్ర చెడదు, దారి దొరుకుతుంది.

సమాజాల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 'కోయ' అనేది జాతినామం. అదే రూపం 'కోయు' ధాతువుకు తుమున్నర్థక రూపం కూడా. 'వరి కోయ వెళ్ళారు' వంటి ప్రయోగంలో దానికి ఆ సమాజంతో సంబంధం లేదు. 'కోయదొర' అనే మాటకు పట్టణ వ్యవహారంలో జోస్యం, మూలికల అమ్మకం వంటి అర్థచ్ఛాయలు అంటుకున్నాయి. అందుచేత ఒంటరిగా 'కోయ' అని కాకుండా 'కోయ తెగ', 'కోయ భాష', 'కోయ పండుగలు' అని విశేష్యంతో కలిపి రాయడం సందిగ్ధతను తొలగిస్తుంది. పండుగను కోయ భాషలో 'పండుం' అంటారు. కోయ భాషలోని పేరును, దాని తెలుగు సమానార్థకాన్ని రెండింటినీ శీర్షికలో ఉంచితే, ఆ సమాజంలోని యువకునికీ బయటి పరిశోధకునికీ ఒకే పుట దొరుకుతుంది.

6. వాడుక పేరు, అధికారిక నామం

ఈ దూరం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చట్టాల విషయంలో. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గురించి మాట్లాడేవారు 'వన్ ఆఫ్ సెవెంటీ' అనో, '1/70 చట్టం' అనో అంటారు. దాని అధికారిక నామం ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు, 1959. దానికి 1970లో చేసిన సవరణ వల్ల ఆ వాడుక పేరు వచ్చింది. అధ్యాపకుడు శాస్త్రీయత కోసం అధికారిక నామం మాత్రమే రాస్తే, '1/70' అని వెతికేవానికి ఆయన వ్యాసం తేలికగా అందదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా ఇంతే. దాని పూర్తి పేరు షెడ్యూల్డ్ తెగలు, ఇతర సంప్రదాయ అటవీ నివాసుల అటవీ హక్కుల గుర్తింపు చట్టం. ప్రజల నోట అది 'పోడు పట్టా'. ఆ చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి స్వాధీనంలో ఉండాలి. షెడ్యూల్డ్ తెగలకు చెందని సంప్రదాయ అటవీ నివాసులైతే, ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 సంవత్సరాలుగా అక్కడ నివసిస్తూ అడవిపై ఆధారపడి ఉన్నట్లు చూపాలి. హక్కుల నిర్ణయ ప్రక్రియ గ్రామసభతో ప్రారంభమవుతుంది. ఈ విషయాలను చట్టపాఠంతో సరిచూసి, క్షేత్రానుభవంతో వివరించగలవాడు ఆ ప్రాంతపు అధ్యాపకుడే. ఆయన వ్యాసానికి 'అటవీ హక్కుల చట్టం 2006: పోడు పట్టాకు అర్హతలు, గ్రామసభ పాత్ర' అని పేరు పెడితే అడిగేవాని మాట, చట్టం మాట రెండూ ఒకచోట చేరతాయి. 'అడవితల్లి కన్నీరు' అని పెడితే కవితాత్మకంగా ఉంటుంది గాని, ఆ మాటతో ఎవరూ పట్టా గురించి వెతకరు. కవితాత్మక శీర్షికపై మక్కువ ఉంటే దాన్ని ఉపశీర్షికగా ఉంచవచ్చు.

అడిగినదానికి తగిన సమాధానం లేని చోట ఏమవుతుంది? మైకేల్ గొలెబీవ్‌స్కీ, డానా బోయిడ్ 2018లో ఈ స్థితిని 'సమాచార శూన్యత' అనే అర్థంలో వివరించారు. నాణ్యమైన సమాచారం తక్కువగా ఉన్న ప్రశ్నలకు, నాణ్యత లేనిదే పైకి వస్తుంది. 2018లో గూగుల్ ప్రకటనల సేవ తెలుగు భాషకు విస్తరించిన తరువాత, తెలుగు పుటలు తయారుచేయడానికి ఆర్థికమైన కారణం కూడా ఏర్పడింది. ఒకే మూసలో ఊరి పేరు మాత్రం మార్చి తయారుచేసే పుటలు ఈ శూన్యతను నింపడానికి సిద్ధంగా ఉంటాయి. పోడు రైతు కుమారుడు అటువంటి పుటను నమ్మి గడువు విషయంలోనో, అర్హత విషయంలోనో పొరపడితే నష్టపోయేది ఆ కుటుంబం. కాబట్టి తెలిసినవాని రచన దొరకకపోవడం రచయితకు మాత్రమే జరిగే నష్టం కాదు.

7. పుట నిర్మాణంలో పాటించవలసినవి

పుట చిరునామా విషయంలో తెలుగుకు ఒక చిక్కు ఉంది. తెలుగులోని ప్రతి సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో ఒక్కొక్క బైటు మూడు రోమన్ చిహ్నాలుగా మారుతుంది. అంటే ఒక్క తెలుగు సంకేతానికి తొమ్మిది చిహ్నాలు. 'పినపాక'లో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలున్నాయి. కనుక ఆ చిన్న పేరుకే 54 చిహ్నాలు అవుతాయి. వర్డ్‌ప్రెస్‌లో ఈ భాగానికి 200 చిహ్నాల పరిమితి ఉంది. 'భద్రాద్రి కొత్తగూడెం' అనే రెండు పదాలకు, మధ్యలోని అడ్డగీతతో కలిపి 172 ఖర్చవుతాయి. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే చిరునామాలో ఆ శీర్షిక రాదు, 'బ్లాగ్ పోస్ట్' అనే సాధారణ నామమే ఏర్పడుతుంది. అందుచేత ప్రచురణకు ముందే ఊరి పేరు, అంశం తెలిసేలా మూడు నాలుగు పదాల చిరునామాను రోమన్ లిపిలో స్వయంగా ఇవ్వడం మేలు. తెలుగు మాటలను రోమన్ లిపిలో వెతికేవారికి కూడా అది ఒక ఆనవాలు. ప్రచురించిన తరువాత చిరునామాను మార్చరాదు. మారిస్తే ఇతరులు ఇచ్చిన లంకెలు, ఉల్లేఖనాలు చెల్లకుండా పోతాయి.

ఛాయాచిత్రాల విషయంలో, కెమెరా ఇచ్చిన సంఖ్యను పేరుగా వదిలివేయకుండా, చిత్రంలో ఏముందో తెలిపే ప్రత్యామ్నాయ వచనాన్ని తెలుగులో రాయాలి. అది యంత్రానికి ఎంత అవసరమో చూపులేని పాఠకునికీ అంతే అవసరం. చిత్రాల పరిమాణం తగ్గించి ఉంచాలి. అటవీ గ్రామాల్లో సంకేతం బలహీనంగా ఉన్నచోట బరువైన పుట తెరుచుకోదు. పైగా, పుట ఫోనులో కనిపించే రూపాన్నే సూచీకరణకు ప్రధానంగా తీసుకునే విధానాన్ని గూగుల్ 2016లో ప్రకటించి, క్రమంగా అమలు చేసింది.

అంతర్గత లంకెలు తెలుగు బ్లాగుల్లో నిర్లక్ష్యానికి గురవుతున్న అంశం. యాభై వ్యాసాలు తేదీల వరుసలో ఉంటే పాతవి అడుగుకు చేరతాయి. వాటిని గ్రామాలవారీగా, పండుగలవారీగా, చట్టాలవారీగా వర్గీకరించి ఒక విషయసూచిక పుట ఏర్పాటుచేసి, ప్రతి వ్యాసం నుంచి దానికి, దాని నుంచి ప్రతి వ్యాసానికి లంకెలు ఇవ్వాలి. లంకెను 'ఇక్కడ నొక్కండి' అనే మాటపై కాక, 'కరకగూడెం మండలంలోని కోయ పండుగలు' వంటి అర్థవంతమైన పదబంధంపై ఉంచాలి.

8. కొలమానం, దాని పరిమితులు

గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో బ్లాగును నమోదు చేసుకుంటే, ఏ పదాలతో వెతికినప్పుడు తన పుట కనిపించింది, ఎందరు దానిపై నొక్కారు, సగటున ఎన్నవ స్థానంలో ఉంది అనే వివరాలు 16 నెలల వరకు లభిస్తాయి. పరిశోధకునికి ఇది ఒక భాషాసామగ్రి. ప్రజలు ఒక ఊరి పేరును ఎలా రాస్తున్నారు, ఒక చట్టాన్ని ఏమని పిలుస్తున్నారు అనేది ఇందులో తెలుస్తుంది. ఒక పదానికి పుట చాలాసార్లు కనిపించి, నొక్కినవారు మాత్రం తక్కువగా ఉంటే, శీర్షికకూ అడిగినదానికీ పొంతన లేదని మొదట అనుమానించాలి. తన వ్యాసంలో లేని పదంతో పాఠకులు వస్తుంటే, ఆ అంశంపై మరో వ్యాసం అవసరమని గ్రహించాలి.

అయితే బహుకొద్దిమంది మాత్రమే వెతికిన పదాలను ఈ సాధనం గోప్యత దృష్ట్యా చూపదు. చిన్న ఊర్లపై రాసే తెలుగు బ్లాగుకు వచ్చే ప్రశ్నల్లో గణనీయమైన భాగం ఇలా మరుగున ఉండవచ్చు. కాబట్టి పట్టికలో లేని పదాన్ని ఎవరూ వెతకడం లేదని నిర్ధారించరాదు. నెలకు పదిమంది చదివే వ్యాసం కూడా ఆ పదిమందికి అదే ఏకైక ఆధారం కావచ్చు.

9. లభ్యత, బాధ్యత

పదిమంది మిత్రులు చదివేటప్పుడు హాని చేయని వాక్యం, ఎవరు వెతికినా దొరికే స్థితిలో హాని చేయవచ్చు. పోడు భూమి వివాదంలో ఉన్న రైతు పేరు, గ్రామం, సర్వే సంఖ్య కలిపి రాస్తే ఆ పేరుతో వెతికిన ప్రతివారికీ అది కనిపిస్తుంది. ఔషధ మొక్కలు ఎక్కడ దొరుకుతాయో స్థలంతో సహా రాస్తే బయటి సేకరణదారులకు దారి చూపినట్లవుతుంది. పూజాస్థలాల ఛాయాచిత్రాలు, బయటివారి ముందు పాడని పాటలు ప్రచురించే ముందు ఆ సమాజపు పెద్దల సమ్మతి తీసుకోవాలి. క్షేత్రపరిశోధనలో మాటగా తీసుకున్న అనుమతి, అంతర్జాల ప్రచురణకు కూడా వర్తిస్తుందని భావించడం సరికాదు. శోధనలో దొరకకూడని సమాచారం కొంత ఉంటుందని అంగీకరించడం కూడా ఈ విద్యలో భాగమే. అటువంటి పుటలను సూచికలో చేర్చవద్దని యంత్రానికి చెప్పే ఏర్పాటు బ్లాగు వేదికల్లో ఉంది. అయితే అది దాచడం కాదు. నిజంగా దాచవలసినదాన్ని ప్రచురించకపోవడమే మార్గం.

10. ముగింపు

శోధన యంత్రాల విధానాలు మారుతూనే ఉన్నాయి. ఫలితాలకు పైన యంత్రమే సారాంశం రాసి చూపే పద్ధతి 2024 మేలో అమెరికాలో, అదే ఏడాది ఆగస్టులో భారతదేశంలో ప్రారంభమైంది. దీనివల్ల సమాధానం అక్కడే చదివి, మూలపుటకు రాని పాఠకులు పెరగవచ్చు. అయినా ఆ సారాంశానికి కూడా ఎక్కడో ఒక మూలరచన ఉండాలి. పినపాక గురించి, కోయ పండుగల గురించి, పోడు పట్టాల గురించి సరైన తెలుగు వచనం లేకపోతే యంత్రం రాసే సారాంశం కూడా అంతంతమాత్రమే అవుతుంది.

ఈ పరిశీలనలో తేలిన విషయం ఒకటే. తెలుగు బ్లాగుకు పాఠకులను రప్పించేవి ఊరి పేరును సరిగా రాయడం, దాని రూపాంతరాలను నమోదు చేయడం, వాడుక మాటను శాస్త్రీయ నామం పక్కన నిలపడం, పాత ఫాంటులోని రచనను యూనికోడ్‌లోకి తేవడం, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో నిర్ణయించుకోవడం. ఇవన్నీ భాషా సాహిత్య పరిశోధకునికి చేతనైన పనులే. పాఠపరిష్కరణలో, మాండలిక పదసేకరణలో మనం చూపే శ్రద్ధను సొంత బ్లాగు పుటపై కూడా చూపితే, ఉపోద్ఘాతంలో పేర్కొన్న అధ్యాపకుని యాభై వ్యాసాల్లో ఒకటైనా కరకగూడెంలో వెతుకుతున్న ఆ యువకుని ఫోనులో తెరుచుకుంటుంది.